కోరింగలో టేపు పట్టిన రోజు

కోరింగ మడ అడవిని అంతకుముందు చెక్క వంతెన మీద నడుస్తూ చూశాను. అక్కడి నుంచి అంతా ఒకటే పచ్చదనం. ఈసారి మాత్రం, ఇక్కడి వృక్ష సముదాయాలను వర్గీకరిస్తున్న స్నేహితురాలికి కొలత టేపు పట్టడానికి వెళ్లాను. ఆటుకు నీరు తీస్తేనే బురదలో దిగగలం కాబట్టి, తెల్లవారేసరికి మా పడవ గాడేరు పాయలో ఉంది.

నీటి అంచు నుంచి మెరక వైపు తాడు లాగాం. దాని వెంట పది మీటర్ల చదరాలు గుర్తు పెట్టుకుని, ఒక్కొక్క దానిలో ఏ చెట్లున్నాయో, ఎన్నో, వాటి చుట్టుకొలత ఎంతో రాసుకున్నాం. అటవీ నిపుణులు చాంపియన్, సేథ్ 1968లో దేశంలోని అడవులను 16 పెద్ద వర్గాలు చేసినప్పుడు మడ అడవులు నాలుగో వర్గంలో, తీర, చిత్తడి అడవుల్లో చేరాయి. దేశపటానికి అది చాలు. మోకాలి లోతు బురదలో నిలబడితే చాలదనిపించింది.

పాయ ఒడ్డున కొత్త ఒండ్రు మీద కొమ్మలు వేలాడేసుకుని సొన్నరేషియా చెట్లు. కాస్త లోపల తెల్ల మడ, నల్ల మడ. బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన వాటి శ్వాసవేళ్ల మధ్య అడుగు వేయడానికే భయమేసింది. తెల్ల మడ ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పు! వేళ్లు పీల్చుకున్న ఉప్పును ఆ చెట్టు ఆకుల మీదుగా బయటికి పంపేస్తుంది. నాకు ఆ ఆకును వదలాలనిపించలేదు. ఇంకా మెరకకు వెళితే తిల్ల చెట్లు. కొమ్మ విరిగి పాలు కారగానే పడవ నడిపే పెద్దాయన హెచ్చరించాడు: “ఆ చేత్తో కళ్లు తుడుచుకోకండమ్మా, చూపు పోతుంది.”

జానెడు ఎత్తు తేడా వస్తే నేల నీట మునిగి ఉండే సమయం మారుతుంది. దానితో చెట్లూ మారిపోతాయి. అంత దగ్గరగా చూస్తే తప్ప ఈ అడవి అర్థం కాదు.

ఒక చదరం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం. పైన అన్నీ ముదురు నల్ల మడలే. కింద మొలకల్లో ఎక్కువ తిల్ల. పెద్ద చెట్లను బట్టే సముదాయానికి పేరు పెట్టడం పద్ధతి అంది స్నేహితురాలు. రేపటి అడవి ఆ మొలకలదే కదా, వాటిని వదిలేస్తే ఎలా అన్నాను. తను కాసేపు ఆలోచించి కాగితం మీద రెండు పేర్లూ కలిపి రాసింది, మొలకలను విడిగా లెక్కపెట్టమంది. సగం లెక్కయ్యేసరికి పోటు మొదలై మడమలకు నీళ్లు తగిలాయి. పెద్దాయన పడవలోంచి కేకేశాడు.