దగ్గినా తుమ్మినా పడే చుక్కల గురించి

రాజోలులో నాకు చిన్న టైలరింగ్ కొట్టుంది. నలభై దాటిన ఆడవాళ్లు కొందరు ముదురు రంగు లంగాలే కుట్టమంటారు. పైన లేత గులాబీ చీరైనా సరే, లోపల మెరూన్ రంగే కావాలంటారు. వెనకవైపు ఇంకో పొర గుడ్డ వెయ్యమనేవాళ్లూ ఉన్నారు. ఎందుకని నేను అడగను, వాళ్లు చెప్పరు. నా లంగాలూ అవే కాబట్టి అడగాల్సిన పని లేదు.

దగ్గితే, తుమ్మితే, గట్టిగా నవ్వితే, బిందె ఎత్తితే యూరిన్ చుక్కలు పడిపోతాయి. మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింద నుంచి మోసే కండరాలు కాన్పులప్పుడు సాగిపోతాయి. నెలసరి ఆగిపోయాక ఇంకాస్త వదులవుతాయి. ఒళ్లు బరువు, ఎంతకీ మానని దగ్గు, మలబద్ధకం వీటికి తోడు. నాకైతే గుడ్డ కత్తిరించేటప్పుడు లేచే నూగుకి తుమ్ములు ఆగవు, ఇక చూసుకోండి.

మా వైపు దీనికి రెండు వైద్యాలు నడుస్తున్నాయి. ఒకటి నీళ్లు మానెయ్యడం. అంతర్వేది తీర్థానికి వెళ్లాలన్నా, సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురం వెళ్లాలన్నా పొద్దుటి నుంచి చుక్క నీళ్లు ముట్టని వాళ్లని ఎంతమందినో చూశాను. నీళ్లు తాగకపోతే యూరిన్ చిక్కబడి మంట, మలబద్ధకం వచ్చి మళ్లీ ముక్కడం. కాఫీ, టీ తగ్గిస్తే కొంత మేలు గానీ నీళ్లతో పేచీ పెట్టుకోకూడదు.

రెండోది, "గర్భసంచి తీయించేసుకో వదినా, పీడా పోతుంది" అనే సలహా. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం ఉంటే మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. వేరే జబ్బుకి అవసరమైతే అది వేరే మాట. ఈ చుక్కలకి మాత్రం అది మందు కాదు.

అమలాపురంలో లేడీ డాక్టరుగారు ముందు యూరిన్ టెస్టు రాశారు, ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకోడానికి. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి దగ్గమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. "దగ్గితే పడుతుందా, బాత్రూంకి చేరేలోపే పడుతుందా?" అని గుచ్చి గుచ్చి అడిగారు. ఆ రెండూ వేరు, వైద్యమూ వేరు.

నాకు చెప్పింది కింది కండరాల వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు దీని గురించి రాశాడు, అందుకే కెగెల్స్ అంటారు. బ్రిటన్‌లో వైద్యం ఎలా చెయ్యాలో చెప్పే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లోనూ మొదటి వైద్యం ఇదే: విడతకి కనీసం 8 సార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు, నేర్పే మనిషి దగ్గర. ఆ చివరి ముక్కే అసలైనది. బిగించమంటే చాలామంది పిర్రలో తొడలో బిగిస్తారు, లేదా ఊపిరి బిగబట్టి కిందకి ముక్కుతారు. ముక్కితే ఉన్నది కూడా పాడవుతుంది. డాక్టరుగారు గ్లవ్ వేసుకుని లోపల వేలితో చూసి, "ఇప్పుడు సరిగ్గా లాగావమ్మా, ఇదే" అన్నాకే నాకు ఏ కండరమో తెలిసింది.

నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ పోకుండా ఆపుకుంటాం కదా, ఆ చోటే. అక్కణ్ణుంచి ముందుకి, పైకి, లంగా బొందు లాగి బిగించినట్టు లాగాలి. పొట్ట కదలకూడదు, ఊపిరి ఆడుతూ ఉండాలి. మొదట్లో మూడు అంకెలు లెక్కపెట్టేసరికే జారిపోయేది. మెల్లగా పది దాకా తీసుకెళ్లాలి. ఎంతసేపు బిగించామో మళ్లీ అంతసేపు వదిలి ఉంచాలి కూడా. యూరిన్‌కి కూర్చుని మధ్యలో ఆపడం మాత్రం అలవాటు చేసుకోవద్దన్నారు. ఇంకో కిటుకు, తుమ్ము వస్తోందని ముక్కు చెప్పగానే ముందే బిగించెయ్యడం. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. మిషను మీద కూర్చునే చేసుకుంటాను, ఎదురుగా ఉన్నవాళ్లకి ఏమీ తెలీదు.

బరువు సంగతి కూడా చెప్పారు. 2009లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో లావుపాటి ఆడవాళ్లు ఒంటి బరువులో సగటున 8 శాతం తగ్గితే, వారంలో జారిపోయే సందర్భాలు దాదాపు సగానికి తగ్గాయి. కోనసీమలో పుట్టి కొబ్బరి, పూతరేకులు ఎలా మానాలో ఆ అధ్యయనంలో రాయలేదు!

వ్యాయామం చాలకపోతే లోపల పెట్టుకునే మెత్తటి రింగు ఉంది, పెసరీ అంటారు. యూరిన్ దారికి కింద నుంచి ఆనిక ఇస్తుంది. నెలసరి ఆగినవాళ్లకి అక్కడ పొడిగా, మంటగా ఉంటే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను క్రీము రాస్తారు. డులోక్సెటిన్ అనే మాత్ర కొన్ని దేశాల్లో వాడతారు గానీ వికారం ఎక్కువని మా డాక్టరుగారు వద్దన్నారు. యోని లోపల లేజర్ పెట్టి దీన్ని నయం చేస్తామని ఫోన్లో కనిపించే ప్రకటనలకి పడిపోకండి. కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి రావచ్చని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. యూరిన్‌లో రక్తం పడినా, కింద ఏదో జారినట్టు అనిపించినా ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాకు పూర్తిగా పోయిందా అంటే, లేదండి. బాగా తగ్గింది. జలుబు చేసిన రోజున మాత్రం పల్చటి ప్యాడ్ పెట్టుకుంటాను. నెలసరి ప్యాడ్ కాదు, అది ఒక్కసారిగా వచ్చే యూరిన్‌ని పీల్చలేదు, మన ఉక్కపోతకి తొడలు ఒరుసుకుపోతాయి. యూరిన్ ప్యాడ్లని వేరే ఉంటాయి, మెడికల్ షాపులో అవే అడగండి. తడిసినది వెంటనే మార్చెయ్యండి.