మత్తు ఏదైతే ఏమిటన్నారు

డిప్రెషన్‌కు ఈసీటీ, అంటే మత్తిచ్చి తలకు కరెంటు పెట్టే చికిత్స, చేయించుకున్నానంటే అందరూ కరెంటు గురించే అడుగుతారు. నన్ను వణికించింది మత్తు.

మొదట్లో ప్రొపోఫాల్ ఇచ్చేవారు. పాలలా తెల్లగా ఉండే మందు, నరంలో మండుతూ ఎక్కేది. లేచాక వికారం ఉండదు, తల తేలిగ్గా ఉంటుంది. చిక్కల్లా ఒకటే. ఈసీటీలో పనిచేసేది కరెంటుకు మెదడులో వచ్చే మూర్ఛ, అంటే ఫిట్స్, ప్రొపోఫాల్ ఏమో మూర్ఛను అణిచే మందు. మెదడు తరంగాలు చూపే ఈఈజీలో నా మూర్ఛ 15 సెకన్లు కూడా నిలవడం లేదని కరెంటు పెంచుకుంటూ పోయారు. మరుపు పెరిగింది, దిగులు తగ్గలేదు. వేరే మత్తు లేదా అని అన్నయ్య అడిగితే, డ్యూటీ డాక్టరు ఫైలులోంచి తల ఎత్తకుండా, “ఏదైతే ఏమిటండీ, పడుకోవడమే కదా” అన్నాడు. ఆయన్ను క్షమించానని ఇంట్లో చెప్పాను గానీ, క్షమించలేదు.

మూర్ఛ బాగా రావాలని ఒకసారి మత్తు తగ్గించారు. తెలివి వచ్చింది, ఒళ్లు రాలేదు. కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ఇంకా వదల్లేదు. రెప్ప లేవదు, ఊపిరి అందదు. ఎవరో మాస్కు నొక్కి సంచి పిండుతున్నారు, పక్కన ఎవరో సెలవుల గురించి మాట్లాడుతున్నారు. నిమిషమే అయి ఉంటుంది. ఆ రాత్రి మాత్రం ఎంతకూ తెల్లవారలేదు. కళ్లు మూస్తే మళ్లీ తెరుచుకోవేమోనని మంచం మీద కూర్చునే ఉన్నాను. వదిన లైటు ఆర్పకుండా పక్కనే కూర్చుంది. ఏమైందని అడగలేదు. ఉండి ఉండి, “వేళ్లు కదుపు” అనేది, కదిపేవాణ్ణి. ఆమె రుణం తీరేది కాదు.

తర్వాత వచ్చిన మత్తు డాక్టరమ్మ ఆ సంగతంతా విన్నారు. రాత్రిపూట వేసుకునే లోరజెపామ్ అనే నిద్రమాత్ర కూడా మూర్ఛను అణుస్తుందని పట్టుకున్నది ఆవిడే. కీటమిన్ అనే మత్తు నా బీపీకి పనికిరాదని, ఎటోమిడేట్ అనే ఇంకో మత్తుకు మార్చారు. కాళ్లూ చేతులూ ఎగిరిపడవచ్చని, వాంతి కావచ్చని ముందే చెప్పారు. రెండూ అయ్యాయి. అయినా మూర్ఛ నిలిచింది, కరెంటు తగ్గించారు. కొన్నాళ్లకు నాకు నేనుగా ఆకలి అని అడిగాను. దేవుడున్నాడని అమ్మ అంటుంది. ఉంటే ఆ డాక్టరమ్మను పంపింది ఆయనే.

ఎవరికైనా ఈసీటీ రాస్తే ముందుగా మత్తు డాక్టరుతో మాట్లాడించమని అడగండి. నిద్రమాత్రలు, ఫిట్స్ మందులు, బీపీ, అన్నీ చెప్పండి. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైతే అదీ చెప్పండి, సక్సినైల్‌కోలిన్ కొందరి ఒంట్లో త్వరగా విరగదు. మధ్యలో తెలివి వస్తే, కల అని కొట్టిపారేయనివ్వకండి. కేస్ షీటులో రాయించండి.