బుడమేరు నీళ్లలో మునిగిన జనతా: వాచీల సేకరణలో నా మొదటి 14 నెలలు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు మా ఇనప బీరువా కింది అర మూడు రోజులు బురదనీళ్లలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక చీరలు, దస్తావేజులు డాబా మీద ఆరేస్తుంటే ఒక స్టీలు డబ్బాలో నాన్న వాచీ దొరికింది. హెచ్ఎంటీ జనతా. 1979లో పెళ్లికి తాతయ్య అల్లుడికి పెట్టిన వాచీ అది. నాకు ఈ సరదా అలా మొదలైంది. కొనాలని కాదు, కాపాడుకోవాలని.

మొదటి పనే తప్పు చేశాను. చీరలతో పాటు దాన్నీ ఎండలో పెట్టాను. లోపలి నీళ్లు వేడికి ఆవిరై అద్దానికి పట్టాయి, సాయంత్రానికి మళ్లీ నీళ్లై డయల్ మీదకే దిగాయి. అలా రెండు రోజులు. మళ్లీ వరదలొచ్చినా, వాచీ బకెట్లో పడినా గుర్తుంచుకోండి: కీ తిప్పొద్దు, ఎండలో పెట్టొద్దు, బియ్యం డబ్బాలో అసలే వద్దు. ఆ రోజే వెనక మూత తీయించండి. తుప్పు ఒక్క రాత్రిలో మొదలవుతుంది.

అక్టోబరు

వన్‌టౌన్‌లో ఒక చిన్న కొట్టు. అద్దాల పెట్టె వెనక పెద్దాయన కంటికి లూపు (చిన్న భూతద్దం) తగిలించుకుని కూర్చుంటారు. మూత తీసి, వాచీ నా వైపు తిప్పి, "చూడండి బాబూ" అని లూపు నా చేతికిచ్చారు. అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపే బ్యాలెన్స్ చక్రం పక్కన 0231 అని మెషీన్ నంబరు. దాని కింద ప్లేటు మీద చాయ్ రంగులో బురద గీత, నీళ్లు ఎంత దాకా నిలిచాయో చెబుతున్నట్టు. కీ కడ్డీ తుప్పు పట్టి చీపురుపుల్లలా విరిగిపోయింది. బ్యాలెన్స్ మాత్రం చిన్న బ్రష్‌తో తాకగానే ఊగింది. "ప్రాణం ఉంది" అన్నారాయన.

ఈ 0231 గురించి చెప్పాలి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అసలు ధైర్యం ఇదే. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. జనతా, పైలట్ లాంటి బోలెడు మోడళ్లలో కొట్టుకునేది ఈ ఒక్క మెషీనే. 17 రాళ్లు (ఇరుసులు అరగకుండా పెట్టే జ్యువెల్స్), గంటకు 18,000 కొట్టుళ్లు, అంటే సెకనుకు ఐదు. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసేయాలని కేంద్రం నిర్ణయించినా, డయల్ పాడైపోయిన పాత వాచీల నుంచి ఈ మెషీన్ సామాను ఇంకా దొరుకుతూనే ఉంది. మా జనతాకి కీ కడ్డీ, స్ప్రింగు అలాగే వచ్చాయి. మెషీన్ మొత్తం విప్పి, పెట్రోల్‌లో కడిగి, ఆయిల్ వేసి, కొత్త అద్దం బిగించినందుకు సామానుతో కలిపి 950 రూపాయలు తీసుకున్నారు.

డయల్ దగ్గర మాత్రం ఆగాం. నాలుగు, అయిదు అంకెల మధ్య చింతగింజంత గోధుమరంగు మచ్చ. దేవనాగరిలో 'జనతా' అన్న అక్షరాలకి ఏమీ కాలేదు. "ఆరొందలిస్తే కొత్త రంగు వేయించి, అచ్చు కొట్టించి ఇస్తాను బాబూ" అన్నారు పెద్దాయన. నాన్నకి ఫోన్ చేశాను. "రంగేయిస్తే అది నాదని నేనెట్టా గుర్తుపట్టనురా?" అన్నారు. మచ్చ ఉంచేశాం. ఇప్పుడు ఏ వాచీ కొనాలన్నా నేను ముందు చూసేది ఇదే: డయల్ పుట్టినప్పటిదేనా, కాదా. మచ్చున్నా, పసుపెక్కినా పర్వాలేదు. తుడిచేసి మళ్లీ వేసిన అచ్చు నాకొద్దు.

డిసెంబరు, జనవరి

ఆ సంగతి నాకు పూర్తిగా బోధపడటానికి 1,900 రూపాయలు పోయాయి. ఫోన్‌లో ఫొటో చూసి ఒక పైలట్ తెప్పించాను. నల్ల డయల్, తళతళలాడుతోంది. పెద్దాయన మూత తీస్తే లోపల వేరే కంపెనీ మెషీన్, కేసులో కదలకుండా చుట్టూ ప్లాస్టిక్ ముక్క. నల్లరంగు కొత్తగా వేసింది. లూపులో చూస్తే '17 జ్యువెల్స్, పారా షాక్' అన్న అక్షరాల అంచులు తడి కాగితం మీద సిరాలా పాకి ఉన్నాయి, అంచు చుట్టూ ఉండే నిమిషాల గీతలు అంకెలతో కలవడం లేదు. అమ్మినవాడు తర్వాత ఫోన్ ఎత్తలేదు.

అప్పటి నుంచి వెనక మూత తీసిన ఫొటో పంపనివాళ్ల దగ్గర కొనడం లేదు. కీ ఇచ్చి, ముళ్లు తిప్పి చూపించే వీడియో కూడా అడుగుతున్నాను. ఏభై ఏళ్ల వాచీ డయల్ కొత్త ఫోన్ తెరలా మెరుస్తుంటే అనుమానించాల్సిందే. ధరకి ఇంకో వెయ్యి సర్వీసు ఖర్చు ముందే కలుపుకుని, ఆ మొత్తానికి తగుతుందా అని చూస్తున్నాను. ఇంకో మాట: బాగా పాత స్విస్ వాచీల ముళ్ల మీద మెరిసే పూత రేడియం కావచ్చు. చీకట్లో మెరవడం మానేసినా దాని ప్రమాదం పోదు. పొడి రాలుతున్నవాటిని ఇంట్లో విప్పకండి.

మార్చి

రోజూ కట్టుకోవడానికి ఒకటి కావాలని సెకండ్ హ్యాండ్‌లో సీకో 5 తీసుకున్నాను, 5,500. లోపల 7ఎస్26 మెషీన్. దీనికి చేత్తో కీ ఇవ్వడం కుదరదు. ఆగిపోతే చేతిలో పట్టుకుని మెల్లగా ఓ ముప్పైసార్లు ఊపి కట్టుకోవాలి, మిగతాది చెయ్యి కదలికే చూసుకుంటుంది. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 వరకు తేదీ మార్చకూడదు. ఆ వేళలో తేదీ పళ్లు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. వాచీ ఆగి ఉంటే పగలో రాత్రో తెలియదు కాబట్టి నేను ముందు ముళ్లని ఆరు దగ్గరికి తెచ్చి, అప్పుడు తేదీ మారుస్తాను.

ఒక పొద్దున చూస్తే ఒక్క రాత్రిలో మూడు నిమిషాలు ముందుకెళ్లింది. భయపడి పరిగెత్తాను. పెద్దాయన దిక్సూచి దగ్గర పెట్టారు, ముల్లు గిర్రున తిరిగింది. రాత్రి బ్లూటూత్ స్పీకర్ మీద పెట్టి పడుకున్నాను! అయస్కాంతం పడితే బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే కాబట్టి వాచీ పరిగెడుతుంది. చిన్న డబ్బా మీద పెట్టి మీట నొక్కి ఆ అయస్కాంతాన్ని తీసేశారు, నిమిషం పని, 50 రూపాయలు.

మే

బెజవాడ ఎండల్లో తోలు బెల్టు కట్టడం దండగ. చెమటకి నెలలో వాసన, రెండు నెలలకి పగుళ్లు. జనతాకి 18 మిల్లీమీటర్ల నైలాన్ బెల్టు వేశాను, ఆదివారం సబ్బుతో ఉతికి ఆరేస్తే సరి. రాత్రి విప్పగానే వెనక మూతని పొడిబట్టతో తుడవడం అలవాటు చేసుకున్నాను. కేసుల మీద క్రోమ్ ముందు తినేసేది చెమటే. మిగతావి సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో, బీరువా పై అరలో.

బీరువాలోనే నా కాలేజీ రోజుల టైటన్ కూడా దొరికింది. సెల్లు లోపలే కారి పచ్చగా చిలుం పట్టింది, మెషీన్ మార్చాల్సి వచ్చింది. కట్టుకోని క్వార్ట్జ్ వాచీల్లో సెల్లు తీయించి పెట్టండి.

నవంబరు, ఇప్పటిదాకా

జనతాకి పొద్దున్నే కాఫీ తాగే వేళకి కీ ఇస్తాను. ఇరవై, ఇరవై రెండు తిప్పుళ్లకి బిగుస్తుంది, అక్కడ ఆపేస్తాను. ఫోన్ గడియారంతో పోల్చి నోటుబుక్కులో రాసుకుంటున్నాను. సర్వీసు కాగానే రోజుకి 40 సెకన్లు ముందుండేది. వేగం సరిచేసే రెగ్యులేటర్ పుల్లని పెద్దాయన వెంట్రుకవాసి జరిపాక 12కి వచ్చింది. రాత్రి డయల్ పైకి ఉండేలా పెడితే 8 సెకన్లు ముందు, కీ కిందికి వచ్చేలా నిలబెడితే 15 వెనక. పగలు చేతి మీద ఎక్కువైంది రాత్రి అలా నిలబెట్టి సరిచేస్తున్నాను. వారం మొత్తం మీద నిమిషం లోపే తేడా.

కట్టుకునేది మాత్రం నాన్నే, ఆదివారాలు. కళ్లజోడు పైకి నెట్టి ముందు మచ్చ చూసుకుంటారు, తర్వాత చెవి దగ్గర పెట్టుకుంటారు.

చేతిలో ఉన్న పని అమ్మ ఆల్విన్. హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు సీకో సహకారంతో చేసిన వాచీల్లో ఒకటి, కీ ఇచ్చే చిన్న లేడీస్ వాచీ. మెషీన్ బాగానే ఉంది, గుండ్రంగా కాకుండా మూలలు కోసినట్టుండే అద్దం మాత్రం పగిలింది. విజయవాడలో నాలుగు కొట్లు తిరిగాను, ఎక్కడా ఆ సైజు లేదు. గుంటూరు పట్నం బజారులో పాత సామాను డబ్బాలున్న కొట్టు ఒకటుందని పెద్దాయన చెప్పారు. శనివారం పొద్దున్నే రైలుకి వెళ్తున్నాను, పగిలిన అద్దం ముక్కలు అగ్గిపెట్టెలో పెట్టుకుని.