పచ్చిబఠానీల పక్కన ఎర్రపురుగులు

మా ఇంట్లో ఫ్రీజర్ అమ్మ రాజ్యం. కొబ్బరికోరు, పచ్చిబఠానీలు, వేసవిలో తరిగి దాచిన మామిడిముక్కలు, దేని చోటు దానిదే. అందులోకి ట్యాంకులో పెంచే నా చేపల కోసం ఎర్రపురుగుల ప్యాకెట్ చొరబడి మూడేళ్లవుతోంది. మొదటిరోజే అమ్మ దాన్ని పట్టుకుని "ఏట్రా ఇది, బీట్‌రూటా?" అంది. ఔననేస్తే గొడవ ఉండదు గానీ, ఏదో ఒకరోజు రసంలో వేసేస్తుందని భయమేసి నిజం చెప్పేశాను. కాసేపు అలా చూసి, మూత గట్టిగా పడే పాత స్టీల్ డబ్బా ఒకటి వెతికి ఇచ్చింది. దాని మీద "చేపలది" అని రాసింది కూడా ఆవిడే.

బ్లడ్‌వార్మ్స్ అంటారు గానీ వానపాములకీ వీటికీ చుట్టరికం లేదు. దోమలా ఉండి కుట్టని ఒక కీటకం లార్వాలు ఇవి. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. గాలి సరిగా ఆడని బురదలో బతకాలి కాబట్టి ఆక్సిజన్‌ని పట్టుకోవడానికి వాటికది కావాలి. అదే హిమోగ్లోబిన్ కొంతమంది మనుషులకి పడదు. నాకూ పడదని తెలిసిన విధం చెప్తాను: ఓ పొద్దున్న చేత్తోనే చిదిపి వేసి, అదే చేత్తో కన్ను నలిపాను. ఆ రోజు ఆఫీసులో నల్లకళ్లద్దాలతో కూర్చున్నాను. ఇప్పుడు చెంచా తప్ప చెయ్యి పెట్టను.

అసలు చెప్పాలనుకున్నది కిందటి మే సంగతి. ఎప్పుడూ తెచ్చే చోట సరుకు లేదంటే ఊళ్లో ఇంకో షాపులో కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ప్యాకెట్‌లో ఒక్కో క్యూబ్ ఉండే గళ్లు కొన్ని సగం ఖాళీ, ఎర్రటి ఐసంతా ఒక మూలకి జారి గడ్డకట్టి ఉంది. అంటే ఎక్కడో కరిగింది, మళ్లీ గట్టిపడింది. డబ్బులు పోసి కొన్నాను కదా అని పారెయ్యబుద్ధి కాలేదు. రెండు రోజులు వేశాను. మూడోరోజు పెద్ద ఏంజెల్ చేప తిండి మానేసి హీటర్ వెనక దూరింది, ఆ వారమే పోయింది. ఆ తిండి వల్లే పోయిందని రుజువు చెయ్యలేను. షాపులో అడిగితే "కరెంటు పోయింది సార్, మళ్లీ గడ్డకట్టేసింది కదా" అన్నారు. గడ్డకట్టిస్తే బ్యాక్టీరియా చావదు, నిద్రపోతుందంతే. కరిగినంతసేపూ పెరిగింది అందులోనే ఉంటుంది.

అమ్మకి చెప్తే "హార్బర్‌లో సేప కొన్నప్పుడు మొప్పలెత్తి సూత్తావు గదా, దీనికేటి సూడవా?" అంది. నిజమే. ఇప్పుడు ప్యాకెట్‌ని దీపానికి అడ్డంపెట్టి గళ్లు చూశాకే డబ్బులిస్తున్నాను.

వేసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. గ్లాసులో ట్యాంకు నీళ్లే తీసుకుని అందులో అర క్యూబ్ వేస్తాను, పది నిమిషాల్లో విడిపోతుంది. టీ వడకట్టే జల్లెడలో పోసి ఆ ఎర్రనీళ్లు కరివేపాకు మొక్కకి. అవి ట్యాంకులో పోస్తే చేపలకి ఒరిగేదేమీ లేదు, నీళ్లు పాడవడం తప్ప. అడుగున తిరిగే కోరీ చేపల దాకా ఏంజెల్స్ ఏమీ మిగల్చవు కాబట్టి వాటికి డ్రాపర్‌తో కిందకి వదలాలి. విడిగా ఉండే బెట్టా చేపకి వారానికి రెండుసార్లు, నాలుగేసి పురుగులు. ఇంకా కావాలన్నట్టు అద్దం దగ్గరకొచ్చి నాట్యం చేస్తుంది, నమ్మకూడదు.

ఆదివారం హార్బర్ నుంచి రొయ్యలు తెస్తే రెండు మూడు వాటికీ తీస్తాను. తల, తొక్క తీసి, కడిగి, ఉడికించి, సన్నగా తరిగి, పలుచని పలకలా గడ్డకట్టిస్తే కావలసినంత విరుచుకోవచ్చు. ఉడికించడం ఎందుకంటే కొన్ని రకాల పచ్చి రొయ్యల్లో, చేపల్లో విటమిన్ బి1ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టినా అది పోదు, ఉడికిస్తేనే పోతుంది.

కరెంటు పోతే చేపలు ఆకలితో చస్తాయని కంగారుపడే వాళ్లకి ఒక మాట. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు తిండి ఆపేసి, మగ్గుతో ట్యాంకు నీళ్లే ఎత్తి పోస్తూ కూర్చున్నాను, గాలి కోసం. తిండి లేకపోతే వారం ఓర్చుకుంటాయి, గాలి లేకపోతే ఓర్చుకోవు.

మొన్న అందరం ఐదు రోజులు శ్రీకాకుళం వెళ్లాం. బయల్దేరే ముందు అమ్మ గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టింది. మనం లేనప్పుడు ఐసు కరిగితే బిళ్ల అడుక్కి పోతుందట, పక్కింటావిడ చెప్పిందట. తిరిగొచ్చాక చెప్పులు విప్పకముందే ఫ్రీజర్ తెరిచింది.

"పైనే ఉందిరా. నీ సేపలకి బెంగ లేదు, నా బఠానీలకీ బెంగ లేదు."