మగ్గాల మోతలో పుట్టిన మాట

ఉత్తర ఇంగ్లండ్‌లో, లాంకషైర్ ప్రాంతంలోని బర్న్‌లీ ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరుతున్నానని చెప్పగానే లండన్‌లోని తోటి నర్సులు జాలిపడ్డారు. "ఉత్తరానికా? ఎప్పుడూ వానే. మనుషులు మోటు. వాళ్ల ఇంగ్లీషు మాకే అర్థం కాదు" అన్నారు. వాళ్లలో ఒక్కరూ బర్మింగ్‌హామ్ దాటి పైకి వెళ్లినవారు కారు.

ఇక్కడికి వచ్చిన మొదటివారమే ఒక పెద్దావిడ "టీ ఎప్పుడు, లవ్?" అని అడిగితే కప్పులో టీ తెచ్చి ఇచ్చాను. ఆమె అడిగింది సాయంత్రం భోజనం. ఈ ప్రాంతంలో మధ్యాహ్నం తినేది డిన్నర్, సాయంత్రం తినేది టీ. ఇక ఆ 'లవ్' మన 'తల్లీ' లాంటి పిలుపే.

అదే వార్డులో ఇంకొక ముసలావిడ ఉండేది. పెదవులు బాగా సాగదీసి కదిపేది కానీ, నోట మాట బయటికి వచ్చేది కాదు. గొంతు పోయిందేమోనని కంగారుపడ్డాను. స్థానికురాలైన సహోద్యోగి చెప్పింది: ఆమె నేత మిల్లులో పనిచేసిన మనిషి. వందల మరమగ్గాల మోతలో మాట వినబడదు కాబట్టి నేతగత్తెలు పెదవుల కదలికతోనే మాట్లాడుకునేవారు. దాన్ని 'మీ-మావింగ్' అంటారు. ఆ మోతకే చాలామందికి చెవుడు వచ్చింది. మోటుతనమని లండన్‌లో నవ్వుకునేది ఇలాంటివాళ్లనా అని నాకు కోపం వచ్చింది.

నిజానికి నాకూ ఈ ఊళ్ల మీద ఒక కక్ష ఉండేది. మాది చీరాల. తాతయ్య గుంట మగ్గం మీద నేసేవారు. లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి మన నేతగాళ్ల కూడు తీసిందని వింటూ పెరిగాను. అది అబద్ధం కాదు. కానీ ఆ లాభం మగ్గం దగ్గర నిలబడినవాళ్లకు దక్కలేదు. అమెరికా అంతర్యుద్ధంతో పత్తి రాక ఇక్కడి మిల్లులు మూతపడిన కాలంలో, పస్తులున్నా సరే బానిసల విముక్తి వైపే ఉంటామని 1862 డిసెంబరు 31న మాంచెస్టర్ సభలో కార్మికులు లింకన్‌కు లేఖ రాశారు. 1931 సెప్టెంబరులో, విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బకు పనులు పోయిన సమయంలోనే, గాంధీజీ దగ్గర్లోని డార్వెన్‌కు వచ్చారు. అప్పటి ఫొటో చూశాను. మిల్లు ఆడవాళ్లు ఆయన చుట్టూ మూగి, చేతులెత్తి కేరింతలు కొడుతున్నారు.

ఒక రాత్రి ఆ ముసలావిడ మంచం పక్కన కూర్చుని, నాడె విసురుతున్నట్టు చేయి ఆడించి, మా తాతయ్య కూడా నేతగాడేనని పెదవులతోనే చెప్పాను. ఆమె కళ్లు పెద్దవి చేసి చూసింది. "ఎన్ని మగ్గాలు?" అని పెదవులు కదిపింది.

ఒక వేలు చూపాను.

దుప్పట్లోంచి రెండు చేతులూ బయటికి తీసి, ఆమె ఆరు వేళ్లు చూపింది.