ఒక్క కీతో స్క్రిప్ట్‌ను ఆపడం: నా అనుభవం

640 మంది సభ్యుల వివరాలను ఎక్సెల్ నుంచి మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని నాకు పడింది. కీబోర్డును, మౌస్‌ను ప్రోగ్రామ్ చేతే నడిపించే పైఆటోజీయూఐ అనే లైబ్రరీతో పైథాన్‌లో స్క్రిప్ట్ రాశాను. పేరు, ట్యాబ్, ఫోన్ నంబరు, ట్యాబ్, చిరునామా, ఎంటర్. తెలుగు అక్షరాలను అది నేరుగా టైప్ చేయలేదు కాబట్టి పేర్లను, చిరునామాలను క్లిప్‌బోర్డు నుంచి పేస్ట్ చేయించాను.

71వ వరుసలో ‘ఈ నంబరు ఇప్పటికే ఉంది’ అని ఒక మెసేజ్ వచ్చింది. దాంతో ఒక ట్యాబ్ తప్పింది. అక్కడి నుంచి ఫోన్ గడిలో పేరు, చిరునామా గడిలో ఫోన్ నంబరు. కంట్రోల్+సి కొట్టాను, ఆగలేదు. అది పనిచేయాలంటే స్క్రిప్ట్ నడుస్తున్న టెర్మినల్ విండో ముందుండాలి, అక్కడ ముందున్నది ఫారం. టెర్మినల్ మీద క్లిక్ చేద్దామంటే స్క్రిప్ట్ మౌస్‌ను లాక్కుపోతోంది. మౌస్‌ను స్క్రీన్ మూలకు తోస్తే ఆగే ఏర్పాటు ఆ లైబ్రరీలోనే ఉంది. కానీ నేను క్లిక్ చేయించాల్సిన బటన్ సరిగ్గా మూలనే ఉందని ఆ ఫెయిల్‌సేఫ్‌ను ముందే తీసేశాను. చేతులు వణికాయి. చివరికి నెట్ కేబుల్ పీకితే సేవ్ కావడం ఆగింది. అప్పటికే 19 రికార్డులు పాడయ్యాయి. పక్క సీటు అక్క ఒక్కో వరుస చదువుతుంటే రాత్రి ఎనిమిదింటి దాకా సరిచేశాను.

ఇంటికెళ్లాక పిన్‌పుట్ అనే మరో లైబ్రరీలోని లిజనర్ పెట్టాను. అది వేరే థ్రెడ్‌లో, అంటే అదే ప్రోగ్రామ్‌లో పక్కన విడిగా సాగే పనిగా ఉండి, ఏ విండో ముందున్నా కీలను వింటుంది. ఎస్కేప్ నొక్కగానే, ప్రోగ్రామ్‌ను ముగించే ఆదేశమైన సిస్.ఎగ్జిట్‌ను పిలవమన్నాను. లిజనర్ ఒక్కటే ఆగింది, టైపింగ్ సాగుతూనే ఉంది! ఆ పిలుపు తానున్న థ్రెడ్‌నే ముగిస్తుందని అప్పుడు అర్థమైంది. అందుకే ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి సంకేతమిచ్చే థ్రెడింగ్ ఈవెంట్‌ను జెండాలా పెట్టాను: లిజనర్ ఎత్తుతుంది, వరుసలను టైప్ చేసే అసలు లూప్ ప్రతి అడుగులో చూసి ఆగుతుంది. లూప్ కొన్ని సెకన్లు ఆగి ఉండే టైమ్.స్లీప్‌లో ఉండగా జెండా ఎత్తినా ఆ సెకన్లు పూర్తయ్యేదాకా కదలదు. దాని బదులు ఈవెంట్ వెయిట్ వాడితే వెంటనే లేస్తుంది.

ఇంకో చిక్కు. మెసేజ్‌లు మూయడానికి స్క్రిప్ట్ కూడా ఎస్కేపే నొక్కేది. లిజనర్ దాన్ని నా నొక్కే అనుకొని అంతా ఆపేసింది. ఆ సాఫ్ట్‌వేర్ వాడని ఎఫ్9కి మార్చాను. ఒకసారి షిఫ్ట్ నొక్కి ఉండగా ఆగడంతో ఆ కీ అలాగే ఉండిపోయింది. దాన్ని వదిలే కోడ్ వరుసను, ఎలా ఆగినా చివర్లో నడిచే ఫైనల్లీ భాగంలో పెట్టాను. నంబరును ఒక్కో అంకెగా కొట్టించి, ప్రతి అంకెకు ముందు జెండా చూసేలా చేశాను. మూల ఫెయిల్‌సేఫ్‌ను కూడా తిరిగి ఆన్ చేసి, విండోను కాస్త లోపలికి జరిపాను.

మర్నాడు 90వ వరుస నుంచి మొదలుపెట్టాను, వేలు ఎఫ్9 మీదే. 212 దగ్గర మళ్లీ అదే మెసేజ్. నొక్కాను. ఫోన్ నంబరు ఐదో అంకె దగ్గర ఆగిపోయింది. పక్కనే కర్సర్ మిణుకుమంటోంది. టెర్మినల్‌లో ‘212 దగ్గర ఆగింది’ అని నేను రాసిపెట్టుకున్న వాక్యం కనిపించింది.