తౌక్యాన్‌లో మా పెద్ద తాతయ్య పేరు

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మా పెద్ద తాతయ్య పేరు మీద కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ దేశాల సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ) వారి స్మారక సర్టిఫికెట్ తీసుకున్నాం. పెద్ద తాతయ్య అంటే మా తాతయ్యకి సొంత అన్నయ్య. మాది భీమిలి దగ్గర పల్లెటూరు. ఇప్పుడు ఉంటున్నది విశాఖపట్నం మద్దిలపాలెంలో. ఇలాంటి సర్టిఫికెట్ ఒకటి ఉందని, దానికి పైసా ఖర్చు లేదని మా చుట్టాల్లో ఎవరికీ తెలియదు. పటాలంలో చేరి తిరిగి రాని మనిషి ఉన్న కుటుంబాలు మన ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నాయి. వాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఆయన గురించి మా ఇంట్లో చెప్పుకునేది కొంచెమే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు జనం పట్నం వదిలి పల్లెలకి పారిపోయారు. హార్బర్‌లో కూలి పని చేసుకునే మా పెద్ద తాతయ్య కూడా ఇంటికొచ్చేశారట. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, చేతిలో పని లేదు. కొన్నాళ్ళు చూసి పటాలంలో చేరిపోయారు. మనియార్డర్లు వచ్చేవి. ఒకరోజు మనియార్డరుకి బదులు ఇంగ్లీషు కాగితం వచ్చింది. చదివిన పెద్దమనిషి "రంగంలో పోయాడు" అని మాత్రం చెప్పాడు. మా వైపు వాళ్ళకి రంగూన్ అంటే రంగమే. బతుకుతెరువుకని అక్కడికి ఓడెక్కినవాళ్ళు ఊరికి పదిమంది ఉండేవారు. ఆ పేరు మాకు కొత్త కాదు. కానీ ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, అన్నది ఎవరూ అడిగి తెలుసుకోలేదు. ఆ కాగితం కూడా తర్వాత ఎక్కడో పోయింది.

ఆయనకి పిల్లల్లేరు. శవం ఇంటికి రాలేదు, తలకొరివి పెట్టినవాళ్ళు లేరు, తిథి తెలియదు. తిథి తెలియనివాళ్ళకి చేసినట్టే మహాలయ అమావాస్య నాడు మా తాతయ్య తర్పణం వదిలేవారు. తాతయ్య తర్వాత నాన్న. "ఆ మనిషికి నిప్పయినా పెట్టారో లేదో" అని పెద్ద నాయనమ్మ పోయేవరకూ అనుకుంటూనే ఉండేదని నాన్న చాలాసార్లు చెప్పారు. నాన్నకి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆ ప్రశ్నకి జవాబు ఆయన ఉండగానే తెలుసుకోవాలని నాకు పట్టుదల.

మా దగ్గర మిగిలిన ఆధారం ఒక్కటే, పెద్ద నాయనమ్మ రేకు పెట్టెలో దొరికిన ఫ్యామిలీ పెన్షన్ కాగితం. మడతల దగ్గర చిరిగి, ఒక మూల చెదలు తినేసింది. సిరా గోధుమరంగుకి తిరిగింది. ఆయన సర్వీస్ నంబరులో మొదటి అంకెలు చెదలు తినేసిన భాగంలో పోయాయి. చివరి నాలుగు అంకెలు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. నాన్న దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి దాచారు.

ఆ కాగితం పట్టుకుని మొదట ఒక ఆఫీసుకి వెళ్తే బ్రిటిష్ కాలం నాటివి మా దగ్గర ఉండవన్నారు. ఎక్కడ ఉంటాయో చెప్పలేదు. తర్వాత ఒకాయన తారసపడి లండన్ నుంచి తెప్పిస్తానని ఐదు వేలు అడిగాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఈ సర్టిఫికెట్‌కి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. కమిషన్ వెబ్‌సైట్‌లో చనిపోయిన వ్యక్తి పేజీ దొరికితే అక్కడి నుంచే దించుకోవచ్చు. కష్టమంతా ఆ పేజీ దొరకడంలోనే ఉంది.

ఈ కమిషన్ 1917లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పేరుతో మొదలైంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ సేనలవాళ్ళు 17 లక్షల మంది పేర్లు వాళ్ళ రికార్డుల్లో ఉన్నాయి. రెండో యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 లోపు సర్వీసులో ఉండగా గానీ, సర్వీసు వల్ల వచ్చిన కారణంతో గానీ చనిపోయినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటారు. యుద్ధం చేసి క్షేమంగా ఇంటికొచ్చి, తర్వాత ఎప్పుడో పోయినవాళ్ళ పేర్లు ఇందులో ఉండవు. వాళ్ళ వివరాలకి ఆ రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకే రాయాలి. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కి, మద్రాస్ సాపర్స్ (సైన్యంలో ఇంజనీరింగ్ దళం) అయితే బెంగళూరుకి.

ఇక వెతకడం. మా పెద్ద తాతయ్యది సింహాచలం అప్పన్న స్వామి పేరే. విశాఖ చుట్టుపక్కల ఆ పేరు లేని వీధి ఉండదు. దాన్ని ఇంగ్లీషులో ఎలా రాశారో ఎవరికి తెలుసు? పీ ఒకటా రెండా, ఎల్ ఒకటా రెండా, చివర వై పెట్టారా ఐ పెట్టారా? చేర్చుకున్న రోజు ఆ టేబుల్ దగ్గర కూర్చున్న గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసి ఉంటాడు. ఇంటిపేరు చాలామందికి అసలు రాయలేదు. సొంత పేరునే ఇంటిపేరు గడిలో వేసేశారు. కాబట్టి ఇంటిపేరు కొట్టి ఏమీ రాలేదని వదిలేయకండి. మనిషి పేరునే ఆ గడిలో కొట్టి చూడండి. పేరు మొత్తం కాకుండా మొదటి నాలుగైదు అక్షరాలతో వెతికితే ఇంకా మేలు. ఇండియన్ సేనలు, రెండో ప్రపంచ యుద్ధం, మయన్మార్ (అప్పటి బర్మా) అని మిగతా గడులు నింపితే జాబితా చిన్నదవుతుంది.

అలా వెతికితే ఒక పేరు దొరికింది. అచ్చం మా పెద్ద తాతయ్య పేరే. స్మారకం: రంగూన్ మెమోరియల్. ఆ స్మారకం ఉన్న తౌక్యాన్ వార్ సెమెటరీ (యుద్ధ సమాధుల స్థలం) యాంగోన్‌కి, అంటే ఒకప్పటి రంగూన్‌కి, ఉత్తరాన 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. అందులో 6,374 సమాధులున్నాయి. ఆ సమాధుల మధ్యే రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద దాదాపు 27,000 పేర్లు చెక్కారు. ఎక్కడ పడిపోయారో, ఏమయ్యారో ఆచూకీ లేనివాళ్ళవి. తోటి సైనికులకి దక్కిన అంత్య సంస్కారాలు యుద్ధం వల్ల వీళ్ళకి దక్కలేదని ఆ శిలాఫలకం మీదే రాసి ఉంది. ఆ సంగతి నాన్నకి చదివి వినిపించాను. "అంటే మా పెద్దమ్మ అనుమానమే నిజమైంది" అని లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ పేజీలో తండ్రి పేరు మా ముత్తాత పేరు కాదు. జిల్లా పేరు లేదు. పెన్షన్ కాగితంలో ఉన్న ఆ చివరి నాలుగు అంకెలూ కలవలేదు. పేరు ఒకటే అయినంత మాత్రాన మనిషి ఒకటే కాదు కదా. ఆ పేజీలో ఉన్నాయన కూడా ఎవరి ఇంటి బిడ్డో.

అదనపు వివరాలు అనే గడి ఒకటి ఉంటుంది. తల్లిదండ్రుల పేర్లు, భార్య పేరు, ఊరు అందులో వస్తాయి. దాంట్లో విశాఖపట్నం అని కొడితే లాభం లేదు. ఆ రోజుల్లో ఇంగ్లీషులో వైజాగపటం అని రాసేవారు, భీమునిపట్నాన్ని బిమ్లిపటం అని. ఇప్పటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళు కూడా ఈ పాత స్పెల్లింగ్‌తోనే వెతకాలి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి, అంతకుముందు అంతా వైజాగపటమే.

బిమ్లిపటం అని కొట్టగానే వచ్చిన కొద్ది పేర్లలో ఆయన ఉన్నారు. ఒక ఎల్ తక్కువైంది. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా. పెద్ద నాయనమ్మ పేరు మాత్రం తప్పు లేకుండా ఉంది. ర్యాంకు పయనీర్. ఇండియన్ పయనీర్ కార్ప్స్. 1945 జూలై 9. సర్వీస్ నంబరులో చివరి నాలుగు అంకెలు కాగితంలో ఉన్నవే. నాన్న ఆ పాలిథిన్ కవర్ తెచ్చి ఒక్కో అంకె మీద వేలు పెట్టి సరిచూసుకున్నారు.

స్మారకం దగ్గర రంగూన్ మెమోరియల్ అని లేదు, తౌక్యాన్ క్రిమేషన్ మెమోరియల్ అని ఉంది. అదే సెమెటరీలో ఇది వేరే స్మారకం. తమ మతాచారం ప్రకారం దహనం చేసిన వెయ్యి మందికి పైగా సైనికుల పేర్లు దీని మీద ఉన్నాయి. అంటే మా పెద్ద తాతయ్యకి నిప్పు పెట్టారు. ఆయన పక్కన పనిచేసినవాళ్ళే పెట్టి ఉంటారు. వాళ్ళెవరో మాకు తెలియదు గానీ, ఆ రోజు మా వంశం తరఫున చేయాల్సింది వాళ్ళు చేశారు. వాళ్ళకి ఎంతగా రుణపడి ఉన్నామో చెప్పలేను. నాన్న "క్రిమేషన్ మెమోరియల్" అన్న ఆ రెండు పదాలు నాతో మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. పెద్ద నాయనమ్మ ఉండుంటే బాగుండేదని ఆ రోజంతా అంటూనే ఉన్నారు.

ఒక చుట్టం "అయితే తుపాకీ పట్టినాయన కాదన్నమాట" అన్నాడు. నాకు చాలా బాధేసింది. పయనీర్లు రోడ్లు వేసేవారు, వంతెనల దగ్గర పనిచేసేవారు, సామాన్లు దింపేవారు. రంగూన్ 1945 మే మొదట్లో తిరిగి చేతికొచ్చింది, జూలై అంటే బర్మాలో నడివానాకాలం. ఆ యుద్ధంలో తూటాలు తగిలినవాళ్ళ కంటే మలేరియా, విరేచనాలతో మంచం పట్టినవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. దారి లేకపోతే ముందున్న సైనికుడికి తిండీ లేదు, మందుగుండూ లేదు. ఆ దారి వేసినవాడి సేవ తక్కువని నేను ఒప్పుకోను.

సర్టిఫికెట్ తీసుకోవడానికి మాత్రం నిమిషాలు పట్టింది. పేరు, ర్యాంకు, దళం, చనిపోయిన తేదీ, స్మారకం పేరు వస్తాయి. ఇంగ్లీషులోనే ఉంటుంది. జిరాక్స్ షాపులో మందపాటి కాగితం మీద కలర్ ప్రింట్ తీయించి ఫ్రేమ్ కట్టించాం. మామూలు కాగితం మీద తీయించకండి, మన సముద్రపు గాలికి ఏడాది తిరిగేసరికి ముడతలు పడుతుంది. దీంతో స్థలం వస్తుందా, పెన్షన్ వస్తుందా అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఏమీ రాదు. ఇది గౌరవార్థం ఇచ్చేది, ప్రభుత్వ ఆఫీసుల్లో రుజువుగా చెల్లుతుందని తీసుకోవద్దు.

తేదీ దొరికింది కాబట్టి నాన్న మా పురోహితుల దగ్గరికి పరుగెత్తారు. ఆయన లెక్క కట్టి పార్థివ నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ అమావాస్య, సోమవారం అని కాగితం మీద రాసిచ్చారు. ఈసారి జ్యేష్ఠ అమావాస్యకి భీమిలి వెళ్ళి, గోస్తని సముద్రంలో కలిసే చోట స్నానం చేసి, ఊళ్ళో ఆయన పేరు మీద తద్దినం పెట్టాం. మొదటిసారి ఆయన తిథికి. మా అత్త చేసిన గారెలు, పులుసు తిని ఊళ్ళోవాళ్ళు ఆయన కథ మళ్ళీ చెప్పించుకున్నారు.

పేరులో తప్పు సరిచేయమని కమిషన్‌కి రాశాం. వాళ్ళు ఆధారాలు చూసే మారుస్తారు. అందుకని పెన్షన్ కాగితం స్కాన్ చేసి, పాత దస్తావేజులో ముత్తాత పేరున్న పేజీ జతచేసి పంపాం. జవాబు రావాల్సి ఉంది.

ఇది తెలిసి మా వీధిలో ఒక పెద్దావిడ వచ్చారు. ఆవిడ మేనమామ సరుకు ఓడలో పనిచేస్తూ యుద్ధకాలంలో సముద్రంలోనే పోయారట. అలాంటివాళ్ళకి సమాధి ఉండదు. బొంబాయి, చిట్టగాంగ్ యుద్ధ స్మారకాల పుస్తకాల్లో మన నావికుల పేర్లున్నాయి, అవీ అదే వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. మర్చంట్ నేవీ అని పెట్టి వెతకడం మొదలుపెట్టాం. ఓడ పేరు తెలిస్తే పని సులువవుతుంది. వాళ్ళ పిన్నిగారికి గుర్తుందేమో అడిగి చెప్పమన్నాను.